బావగారు లీవ్‌కి ఓటేశారు, మా ఆయన రిమైన్‌కి

ప్రశ్న:

అక్కా, మేం రెడింగ్‌లో ఉంటాం. మా ఆయన సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద 2012లో ఇంగ్లండ్ వచ్చారు. మా బావగారు డాక్టరు. ఆయన 2003లోనే వచ్చారు, ఇప్పుడు బర్మింగ్‌హామ్ దగ్గర ఉంటారు. అత్తగారు తెనాలిలో ఉంటారు. బ్రిటన్ యూరోపియన్ యూనియన్‌లోంచి బయటికి రావాలా (లీవ్), ఉండిపోవాలా (రిమైన్) అని 2016లో పెట్టిన బ్రెగ్జిట్ ఓటింగ్‌లో బావగారు లీవ్‌కి వేశారు, మా ఆయన రిమైన్‌కి. అప్పట్నుంచి పండక్కి కలిసినా, పిల్లల పుట్టినరోజుకి కలిసినా ఏదో ఒక చురక. ఇన్నాళ్లూ అది నాలుగు గోడల మధ్యే ఉండేది.

మొన్న ఉగాదికి తెలుగువాళ్లందరం ఒక స్కూల్ హాల్లో కలిశాం. మా పిన్ని కూతురు ఇక్కడ పబ్లిక్ హెల్త్‌లో ఎమ్మెస్సీ చేసింది. వీసా స్పాన్సర్ చేసే ఉద్యోగం దొరక్క, తిరిగి వెళ్లిపోవాల్సి వస్తుందేమోనని టెన్షన్ పడుతోంది. భోజనాల దగ్గర ఎవరో ఆ మాట ఎత్తితే బావగారు "వచ్చినవాళ్లందర్నీ ఈ దేశం ఎక్కడ మోస్తుంది?" అన్నారు. మా ఆయన ప్లేటు పక్కన పెట్టి, అందరికీ వినబడేలా "నువ్వు ఏరు దాటి తెప్ప తగలేసిన మనిషివి. ఆ ఓటేసిన రోజే తెలిసింది" అన్నారు. బావగారు ఒక్క మాట కూడా అనలేదు. మా తోడికోడలు అక్కని, వాళ్లబ్బాయిని తీసుకుని వెళ్లిపోయారు. ఆ అబ్బాయికి ఓటింగ్ నాటికి పదహారేళ్లు. వాడూ ఈ విషయంలో వాళ్ల నాన్న మీద కోపంగానే ఉంటాడు.

అక్క ఫోన్ తీయడం లేదు. ఆగస్టులో మామగారి సంవత్సరీకానికి అన్నదమ్ములిద్దరూ తెనాలి వెళ్లాలి. "తప్పు ఓటేసింది ఆయన, నేనెందుకు సారీ చెప్పాలి" అంటారు మా ఆయన. బావగారు చెడ్డవారు కాదక్కా. మా ఆయన ఇంజినీరింగ్ నాలుగేళ్లూ, 2004 నుంచి 2008 దాకా, ఫీజులు పంపింది ఆయనే. ఆయనకి కూడా 2006లో ఏడెనిమిది నెలలు ఉద్యోగం లేదనీ, ఈస్ట్‌హామ్‌లో ఎవరి గదిలోనో సర్దుకుని ఉన్నారనీ అక్క ఒకసారి నాతో అంది. ఆ సంగతి ఇంట్లో ఎవరూ మాట్లాడరు. అసలు ఆ ఓటు విషయంలో ఎవరిది ఒప్పు? ఎవరు ఎవరికి సారీ చెప్పాలి?

జవాబు:

అమ్మా, మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను, దాంట్లో నాకు ఏ సందేహమూ లేదు. సారీ చెప్పాల్సింది మీ ఆయన. ఓటు గురించి కాదు, మాట గురించి. అన్నయ్య వేసిన ఓటు తప్పని ఆయన జీవితాంతం అనుకోవచ్చు, వాదించనూ వచ్చు. కానీ ఏరు దాటి తెప్ప తగలేశావని తోడబుట్టినవాణ్ణి అనడం, అదీ ఆ అన్నయ్య సొంత కొడుకు పక్కన నిలబడి ఉండగా, పదిమందీ ప్లేట్లు పట్టుకుని వింటుండగా అనడం, వాదన కాదు. అది కృతఘ్నుడని ముద్ర వేయడం. ఆ ముద్ర ఆయనకి ఎంతవరకూ తగుతుందో మీ ఉత్తరంలోనే ఉంది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

నా ఓటు ఏమిటో కూడా ముందే చెప్పడం న్యాయం. నేను రిమైన్‌కి వేశాను. ఇవాళ పెట్టినా అదే వేస్తాను. అందుకని ఈ మాటలు మీ బావగారి పక్షం నుంచి వస్తున్నవి అనుకోకండి. మీ ఆయన కోపం ఎలాంటిదో నాకు బాగా తెలుసు.

2016 జూన్ 23, గురువారం. నేను అప్పట్లో లండన్ ఈస్ట్‌హామ్‌లో ఉండేదాన్ని. ఆ రోజు లండన్‌లో వాన దంచి కొట్టింది. చీర కుచ్చిళ్లు తడుపుకుంటూ మా వీధి చివర స్కూలుకి వెళ్లి ఓటేశాను. పెన్సిల్‌తో గుర్తు పెడితే తర్వాత చెరిపేస్తారని పుకారు పుట్టి, కొందరు ఇంటి దగ్గర నుంచే పెన్నులు తెచ్చుకున్నారు. నాకు అప్పటికి ఇండియన్ పాస్‌పోర్టే. అయినా ఓటుంది, ఎందుకంటే బ్రిటన్‌లో ఉంటున్న కామన్‌వెల్త్ దేశాల పౌరులకి ఓటిచ్చారు. మీ ఆయన వేసింది కూడా అలాగే అయ్యుంటుంది. మా పక్కింట్లో పోలండ్ ఆవిడ ఉండేది. ఆస్పత్రిలో క్లీనింగ్ పని. నాకంటే ముందు నుంచీ ఆ వీధిలో ఉంది. ఆవిడకి ఓటు లేదు. యూరోపియన్ యూనియన్ దేశాలవాళ్లలో ఐర్లండ్, మాల్టా, సైప్రస్ పౌరులకి తప్ప ఎవరికీ లేదు. ఎవరి బతుకు గురించి ఆ ఓటు పెట్టారో వాళ్లని అడగలేదు, నన్ను అడిగారు.

తెల్లారి ఫలితం వచ్చింది. పౌండు 1985 తర్వాత ఎప్పుడూ లేనంత కిందికి పడిపోయింది. ప్రధాని కామెరాన్ ఇంటి బయటికి వచ్చి రాజీనామా చేస్తున్నానన్నాడు. మా వీధిలో అది చెత్తబండి వచ్చే రోజు. ఆవిడ చెత్త సంచితో గుమ్మంలో నిలబడి, "నన్ను పంపించేస్తారా?" అని అడిగింది. టీవీలో చెప్పేవాళ్లని అడగలేదు, నన్ను అడిగింది, ఓటున్నదాన్ని కదా. నా దగ్గర జవాబు లేదు. సంచి పట్టుకుని అలాగే కాసేపు నిలబడి లోపలికి వెళ్లిపోయింది, సంచి బయట పెట్టడం కూడా మరిచిపోయి. తర్వాత పాతవాళ్లందరూ ఉండిపోవడానికి దరఖాస్తు పెట్టుకునే స్కీమ్ వచ్చింది, ఆవిడ ఉండిపోయింది. కానీ ఆ పొద్దున నాకు లీవ్‌కి వేసిన ప్రతి ఒక్కళ్ల మీదా ఒళ్లు మండింది. వాళ్లలో మనవాళ్లు కూడా ఉన్నారని తెలిసి ఇంకా మండింది. ఆసియా మూలాలున్న ఓటర్లలో దాదాపు మూడింట ఒక వంతు మంది లీవ్‌కి వేశారు. మన సంఘంలోనే ఇద్దరు ముగ్గురితో నేను ఏడాది పాటు మాట్లాడలేదు.

వాళ్లు ఎందుకు వేశారని మాత్రం అడగలేదు. మీ ఉత్తరం చదివాక నాకు గుర్తొచ్చింది అదే. పదేళ్ల గొడవ రాశారు మీరు. అందులో బావగారు ఎందుకు లీవ్‌కి వేశారన్న మాట ఒక్కచోట కూడా లేదు. మీ ఇంట్లో ఎవరైనా ఆయన్ని అడిగారా?

ఆ బ్యాలెట్ పేపరు మీద ఉన్నవి రెండే గడులు. ఉండాలా, వెళ్లాలా. లీవ్‌కి 51.9 శాతం, రిమైన్‌కి 48.1 శాతం పడ్డాయి. కోటీ డెబ్బై నాలుగు లక్షల మంది ఒకే గడిలో గీత పెట్టినంత మాత్రాన వాళ్లందరి కారణం ఒకటి కాదు. వెళ్లి ఎక్కడ ఆగాలో కూడా వాళ్లకి ఒక్క మాట లేదు. ఓటు పడ్డ దాదాపు మూడేళ్లకి, 2019 మార్చి 27న, పార్లమెంటులో ఎనిమిది రకాల దారులు పెట్టి ఓట్లు తీసుకుంటే ఒక్కదానికీ మెజారిటీ రాలేదు. దేశాన్ని నడిపేవాళ్లకే లీవ్ అంటే ఏమిటో తేలనప్పుడు, మీ బావగారు పెట్టిన గీతకి అర్థం మీ ఆయన ఎలా తేల్చేశారు?

ఆ అర్థం నాకు మీ ఉత్తరం చివర్లో దొరికిందనుకుంటున్నాను. "2006లో ఏడెనిమిది నెలలు ఉద్యోగం లేదు, ఈస్ట్‌హామ్‌లో ఎవరి గదిలోనో సర్దుకుని ఉన్నారు" అని రాసి వదిలేశారు. నాకు ఆ సంవత్సరం తెలుసు, ఆ గదులూ తెలుసు.

అంతకుముందు మన డాక్టరు ప్లాబ్ (విదేశాల్లో చదివిన డాక్టర్లు బ్రిటన్‌లో పనిచేయడానికి రాసే పరీక్ష) పాసైతే, ట్రైనింగ్ పోస్టులో చేరడానికి వర్క్ పర్మిట్ అక్కర్లేదు. దాన్ని నమ్ముకునే వేలమంది అప్పులు చేసి వచ్చారు. 2006 మార్చిలో ప్రకటించి, ఏప్రిల్ మొదట్లోనే ఆ సౌకర్యం ఎత్తేశారు. అప్పట్నుంచి ఆస్పత్రివాళ్లు మన డాక్టరుని తీసుకోవాలంటే, ఆ పోస్టుకి బ్రిటన్‌లో గానీ, యూరప్‌లో గానీ తగిన మనిషి దొరకలేదని చూపించాలి. యూరప్ డాక్టరుకి ప్లాబ్ లేదు. ఇంగ్లిష్ వచ్చో రాదో పరీక్షించే అధికారం కూడా అప్పట్లో మెడికల్ కౌన్సిల్‌కి లేదు, అది 2014లో గానీ రాలేదు. మనవాళ్లు ప్లాబ్ రెండు భాగాలూ, దాని మీద ఐఈఎల్‌టీఎస్సూ పాసై కూర్చుంటే వరసలో వెనక్కి నెట్టేశారు. మంచి మార్కులతో, అనుభవంతో, నైపుణ్యం వీసా మీద ఉన్నవాళ్లని కూడా పక్కన పెట్టమని ఆస్పత్రులకి ఒక సూచన వెళ్లింది. భారతీయ డాక్టర్ల సంఘం బాపియో కోర్టుకెక్కింది. 2008 ఏప్రిల్‌లో అప్పట్లో అత్యున్నత కోర్టు కూడా అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆ సూచన చెల్లదని తీర్పిచ్చింది. రెండేళ్లు పట్టింది ఆ తీర్పు రావడానికి. ఈలోగా ఎంతోమంది పెట్టే సర్దుకుని వెళ్లిపోయారు.

మా వీధి వెనకే ఒక ఇంట్లో అలాంటివాళ్లు ఉండేవారు. గదికి నలుగురైదుగురు. నేను ఒకసారి పెరుగన్నం, ఆవకాయ తీసుకెళ్లాను. మంచం ఒక్కటే ఉంది, దాన్ని వంతులేసుకుని వాడుకుంటున్నారు. సూట్‌కేసు మీద దుప్పటి కప్పి దాన్నే బల్లగా చేసుకుని ఒకతను అప్లికేషన్లు నింపుతున్నాడు. పంపినవి మూడు వందలు దాటాయన్నాడు. గోడకి ఇస్త్రీ చేసిన ఒకే ఒక్క కోటు తగిలించి ఉంది. ఎవరికి ఇంటర్వ్యూ వస్తే వాళ్లు వేసుకెళ్లే కోటు అది. నేనున్నప్పుడే ఇంటి నుంచి అతనికి ఫోన్ వచ్చింది. "బాగున్నానమ్మా, డ్యూటీకి వెళ్తున్నాను" అని చెప్పి పెట్టేశాడు. నా వైపు చూడలేదు.

అమ్మా, మీరు ఒక చోట 2006 అని రాశారు, ఇంకో చోట 2004 నుంచి 2008 అని రాశారు. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూడమని మీ ఆయనకి చెప్పండి. 2006లో ఆయన ఇంజినీరింగ్ మధ్యలో ఉన్నారు. ఫీజు ఆగలేదు. ఉద్యోగం లేని ఆ ఏడెనిమిది నెలల్లో అది ఎక్కడి నుంచి వచ్చిందో ఆయన ఎప్పుడైనా అడిగారో లేదో నాకు తెలియదు. అడిగి ఉండరనుకుంటాను. ఇరవై ఏళ్ల కుర్రాడు అడగడు, తప్పు కాదు. కానీ నలభై దగ్గరికి వచ్చాక, అదే అన్నయ్యని పట్టుకుని తెప్ప తగలేశావనే ముందు అడగాల్సింది. ఆ తెప్ప మీద ఏరు దాటిన ఇద్దరిలో ఈయన కూడా ఒకరు.

బావగారి ఓటుకి కారణం అదేనని నేను ప్రమాణం చేయలేను. కానీ ఆ రోజుల్లో దెబ్బ తిన్న డాక్టర్లు లీవ్‌కి వేశామని చెబితే నేను చెవులారా విన్నాను. యూరప్ నుంచి వచ్చేవాడికి ఎర్ర తివాచీ పరిచి, ఇంగ్లిష్‌లో చదువుకుని ఇంగ్లిష్‌లో పరీక్ష రాసిన నన్ను గుమ్మంలో నిలబెట్టారన్న మంట వాళ్లది. 2016లో లీవ్ పక్షం సరిగ్గా ఈ మంటనే పట్టుకుంది. యూరప్ వలసలు ఆపితే ఇండియా, బంగ్లాదేశ్ నుంచి వంటవాళ్లనీ, నిపుణులనీ తెచ్చుకోవచ్చని లీవ్ పక్షాన ఉన్న మంత్రి ప్రీతి పటేల్ కర్రీ రెస్టారెంట్లవాళ్లకి చెప్పింది. వలసల మీద వ్యతిరేకత ఒక గదిలో, మన వలసలు పెరుగుతాయన్న ఆశ ఇంకో గదిలో. రెండూ ఒకే గడిలో పడ్డాయి.

ఇక్కడ బావగారికి కూడా ఒక మాట చెప్పాలి. 2006 దెబ్బ కొట్టింది బ్రస్సెల్స్‌లోని యూనియన్ కాదు, లండన్‌లోని ప్రభుత్వం. యూరప్ పౌరులకి తలుపు తెరిచి ఉంచాలన్నది యూనియన్ నియమం, నిజమే. కానీ మనవాళ్లకి తలుపు మూయమని యూనియన్ ఎప్పుడూ చెప్పలేదు. ఇండియా నుంచి ఎవరిని రానివ్వాలి, ఎంతకాలం ఉండనివ్వాలి అన్నది యూనియన్‌లో ఉన్నన్నాళ్లూ బ్రిటన్ ప్రభుత్వం చేతిలోనే ఉంది. ఆయన కోపం న్యాయమైనదే, కానీ చిరునామా తప్పింది.

మీ ఆయనదీ అదే తప్పు. మీ పిన్ని కూతురి కష్టానికి ఆ ఓటు కారణమన్నట్టు మాట్లాడారు. చదువు అయ్యాక రెండేళ్లు ఉండి పని చేసుకునే పాత వీసాని 2012 ఏప్రిల్‌లో ఎత్తేశారు. అప్పుడు బ్రిటన్ యూనియన్‌లోనే ఉంది. హోం మంత్రి థెరెసా మే. మీరు ఆ దేశంలో అడుగుపెట్టిన ఏడాదే అది. మళ్లీ రెండేళ్ల గ్రాడ్యుయేట్ వీసా వచ్చింది 2021 జులైలో, అంటే బయటికి వచ్చేశాకే. యూరప్‌వాళ్లకీ మనకీ ఒకే రూలు పెట్టింది కూడా అదే ఏడాది జనవరి నుంచి. దాంతో మన పిల్లలు వెల్లువలా వచ్చారు. హైదరాబాద్, విజయవాడ, గుంటూరు కన్సల్టెన్సీల బోర్డులే సాక్ష్యం. 2022 కల్లా బ్రిటన్ స్టూడెంట్ వీసాల్లో చైనాని ఇండియా దాటేసింది. అంటే బావగారు దేనికోసం ఓటేసి ఉంటారని నేననుకుంటున్నానో అది కొంతవరకు జరిగింది కూడా.

ఆ తర్వాత మళ్లీ తలుపు బిగించారు. 2023 జూన్‌తో ముగిసిన ఏడాదిలో నికర వలస (వచ్చినవాళ్లలోంచి వెళ్లిపోయినవాళ్లని తీసేసిన లెక్క) తొమ్మిది లక్షలు దాటేసరికి రాజకీయం మొత్తం దాని చుట్టూ తిరిగింది. 2024 జనవరి నుంచి పరిశోధన చదువులవాళ్లు తప్ప మిగతా విద్యార్థులు కుటుంబాన్ని తెచ్చుకోకూడదన్నారు. స్పాన్సర్ వీసాకి ఉండాల్సిన జీతం 26,200 పౌండ్ల నుంచి 38,700కి, 2025 జులైలో 41,700కి పెంచారు. కొత్తగా చదువు ముగించినవాళ్లకి కొంత తగ్గింపు ఉన్నా, చిన్న సంస్థలు భయపడి స్పాన్సర్ మాటే ఎత్తడం లేదు. మీ చెల్లెలు ఇరుక్కున్నది ఇక్కడ. ఇవన్నీ బ్యాలెట్ పేపరు చేసిన పనులు కావు, ఆ తర్వాత కుర్చీల్లో కూర్చున్నవాళ్లు చేసినవి. కాకపోతే, వలస వచ్చినవాడే సమస్య అనే మాటకి ఆ ఓటు ఊరూరా బలమిచ్చిందన్నది మాత్రం నా గట్టి నమ్మకం. మీ ఆయనకి మండింది దాని గురించే అయితే ఆయనతో నేను కూడా ఉన్నాను. కానీ అది అన్నయ్య మీద పడాల్సిన కోపం కాదు.

ఓటు విషయంలో ఎవరిది ఒప్పు అన్నారు. వారానికి 35 కోట్ల పౌండ్లు యూరప్‌కి పంపుతున్నాం, వాటిని ఆస్పత్రులకి పెడదాం అని లీవ్ పక్షంవాళ్లు ఎర్ర బస్సు మీద రాసి తిప్పారు. ఆ అంకె తప్పుదారి పట్టించేదని ప్రభుత్వ గణాంకాల సంస్థే చెప్పింది, బ్రిటన్‌కి దక్కే రాయితీని తీసేయకుండా రాసిన లెక్క అది. ఇటు నేను ఓటేసిన పక్షమూ బెదిరించింది. లీవ్ గెలిస్తే వెంటనే మాంద్యం, రెండేళ్లలో అయిదు లక్షల ఉద్యోగాలు పోతాయని ఆర్థిక శాఖ లెక్క వేసింది. అలా జరగలేదు. జరిగిన నష్టం నెమ్మదిగా జరిగింది. యూనియన్‌లో ఉండి ఉంటే వచ్చేదానికంటే దేశ ఉత్పాదకత దీర్ఘకాలంలో 4 శాతం దాకా తగ్గుతుందని ప్రభుత్వ బడ్జెట్ అంచనాల సంస్థ ఓబీఆర్ అంటోంది. ఇప్పుడు సర్వేల్లో సగానికి పైగా జనం విడిపోవడం తప్పే అంటున్నారు. నాదీ అదే అభిప్రాయం. అయితే ఈ అంకెల్ని సంవత్సరీకం నాడు జేబులో పెట్టుకుని వెళ్లొద్దని మీ ఆయనకి గట్టిగా చెప్పండి.

మాట ఎక్కడిదాకా వెళ్తుందో ఆ దేశం చూసింది. ఓటింగ్‌కి వారం ముందు, 2016 జూన్ 16న, జో కాక్స్ అనే యువ ఎంపీని ఆమె సొంత నియోజకవర్గంలో నడివీధిలో చంపేశారు. ఆమె రిమైన్ పక్షం. ఇద్దరు చిన్నపిల్లల తల్లి. ఆ ఏడాది నవంబరులో, పార్లమెంటుని అడగకుండా ప్రభుత్వం ముందుకి వెళ్లడానికి లేదని చెప్పిన ముగ్గురు న్యాయమూర్తుల ఫొటోలు వేసి ఒక పత్రిక ప్రజాశత్రువులని పెద్ద అక్షరాల్లో రాసింది. ద్రోహి, మూర్ఖుడు, జాత్యహంకారి అనే మాటలు ఇళ్లల్లోకి కూడా వచ్చేశాయి. పార్టీ ఏదని అడిగితే నవ్వి ఊరుకునేవాళ్లు కూడా లీవా, రిమైనా అంటే మొహం మార్చుకునేవారు. మన దగ్గర రాష్ట్రం విడిపోయే రోజుల్లో ఒకే ఆఫీసులో, ఒకే హాస్టల్లో ఉన్నవాళ్ల మధ్య ఎలా మాటలు తెగిపోయాయో మీకు గుర్తుండే ఉంటుంది. మన దగ్గర జనాన్ని బ్యాలెట్ పెట్టి అడగలేదు, కారణాలు వేరు, చరిత్ర వేరు, రెండింటినీ ఒక గాట కట్టను. కానీ ఎదుటివాడు అన్న ప్రతి మాటా 'నువ్వు మావాడివి కాదు' అన్నట్టు చెవిన పడడం మాత్రం రెండు చోట్లా చూశాను.

ఒక అన్నదమ్ముల సంగతి మీ ఆయనకి చెప్పండి. బోరిస్ జాన్సన్ ప్రధాని అయిన కొద్ది వారాలకే, 2019 సెప్టెంబరు 5న, ఆయన సొంత తమ్ముడు జో జాన్సన్ మంత్రి పదవికి రాజీనామా చేశాడు. ఎంపీగా కూడా తప్పుకుంటానన్నాడు. కుటుంబం మీద ప్రేమకీ దేశ ప్రయోజనానికీ మధ్య నలిగిపోతున్నానన్నాడు. తమ్ముడు రిమైన్, అన్న లీవ్ పక్షానికి పెద్ద ముఖం. దేశమంతా చూస్తుండగా జరిగింది. అయినా తమ్ముడు అన్నని ఒక్క తిట్టు తిట్టలేదు. పదవి వదిలేశాడు, అంతే. మరుసటి ఏడాది అన్నే ఆ తమ్ముణ్ణి ప్రభువుల సభకి పంపాడు. ప్రభుత్వాన్ని వదిలేసేంత విభేదం ఉన్నా, అన్నదమ్ముల మధ్య మాట జారలేదు కాబట్టి దారి మిగిలింది.

ఇక చేయాల్సిన పని. మీ ఆయన్ని ఫోన్ చేయమనండి, మెసేజ్ వద్దు. ఫ్యామిలీ గ్రూపులో అసలు వద్దు, అక్కడ సారీ కూడా పంచాయితీ అవుతుంది. బావగారు ఎత్తకపోతే ఒక ఆదివారం బండి వేసుకుని బర్మింగ్‌హామ్ వెళ్లమనండి. రెడింగ్ నుంచి రెండు గంటల దారి. "అన్నయ్యా, హాల్లో ఆ మాట అనకూడదు. తప్పయింది." అంతే. 'నువ్వలా అన్నావు కాబట్టి' అని మొదలుపెట్టే వాక్యం ఒక్కటి కూడా ఉండకూడదు. ఆ తర్వాత, ఆయన మెత్తబడ్డాకే, 2006 గురించి అడగమనండి. "అప్పుడు నీకు ఉద్యోగం లేదట కదా, నా ఫీజు ఎలా కట్టావు?" అని. ఓటు గురించి అడగక్కర్లేదు. చెప్పాలనిపిస్తే ఆయనే చెబుతారు, చెప్పకపోయినా పర్వాలేదు. మాట అన్నది పదిమందిలో కాబట్టి, మీ సంఘం మళ్లీ కలిసినప్పుడు, ఆ హాల్లో ఉన్నవాళ్లలో కొందరైనా వినేలా మీ ఆయన అన్నయ్య దగ్గరికి నడిచి వెళ్లి ఇంకోసారి చెప్పాలి. చాటుగా చెప్పిన సారీతో ఆ పిల్లాడి ముందు పోయిన పరువు తిరిగి రాదు.

బావగారి మాటలో తప్పు లేదని నేననడం లేదు. మీ చెల్లెలి కష్టం వింటూ "ఈ దేశం ఎక్కడ మోస్తుంది" అనడం కఠినమైన మాటే. దానికి ఆయన మీకు ఒక మాట బాకీ ఉన్నారు. కానీ మీరు అడిగి తీసుకోవద్దు. 2006లో ఆయన గురించి కూడా ఎవరో ఇదే మాట అని ఉంటారు. ఆ మాట ఆయన నోట్లోంచే ఎలా వచ్చిందో ఆయనే ఒక రాత్రి ఆలోచించుకుంటారు.

అబ్బాయి సంగతి వేరు. వాడి కోపం నాకు న్యాయంగానే కనిపిస్తుంది. 2014లో స్కాట్లండ్ విడిపోవాలా అన్న ఓటింగ్‌లో పదహారేళ్లవాళ్లకి ఓటిచ్చారు, 2016లో ఇవ్వలేదు. యూరప్‌లో ఎక్కడైనా ఉండి పనిచేసే హక్కు వాడి చేతిలోంచి వాడిని అడగకుండానే పోయింది. వాణ్ణి సర్దుకుపొమ్మని ఎవరూ చెప్పొద్దు. కానీ బాబాయి ఆ హాల్లో అరిచిన తీరే ధైర్యమని వాడు నేర్చుకుంటే మాత్రం బాధ్యత మీ ఆయనదే. అందుకే సారీ చెప్పేటప్పుడు వాడు కూడా అక్కడ ఉండాలంటున్నాను.

మీరు మాత్రం మీ తోడికోడలికి ఇవాళే ఫోన్ చేయండి. తీయకపోతే రేపు మళ్లీ చేయండి. 2006 సంగతి మీకు నమ్మి చెప్పిన మనిషి ఆవిడ. ఆ రోజుల్లో ఆరేళ్ల పిల్లాణ్ణి పెట్టుకుని ఆవిడ ఎలా నెట్టుకొచ్చిందో ఆవిడకే తెలియాలి. మగవాళ్ల గొడవ గురించి ఏమీ ఎత్తకండి. బావగారితో మాట్లాడే వీలు చూడమని మాత్రం అడగండి, మీ చెల్లెలి గురించి. ఇన్నేళ్లుగా ఆస్పత్రుల్లో పనిచేస్తున్న మనిషికి, పబ్లిక్ హెల్త్ చదివిన పిల్ల ఏ ఆస్పత్రి ట్రస్టులో, ఏ పోస్టుకి అప్లై చేస్తే స్పాన్సర్ దొరుకుతుందో తెలిసినంతగా మీకూ నాకూ తెలియదు. వీసా గడువు ఏ నెలతో ముగుస్తుందో మీరు రాయలేదు. సంవత్సరీకానికి ఆగస్టు దాకా టైముంది, ఆ పిల్లకి అంత ఉందో లేదో. ముందు ఆ తేదీ చూసి, ఆ అమ్మాయి సీవీ బావగారికి పంపించండి.